దళితస్త్రీల వాఙ్మయము – కర్తృత్వ విచారము

పల్నాటిసీమ యనగానే తెలుగువారి మనస్సున మొదట మెదలునది వీరచరిత్ర. గురజాల, మాచర్ల, కారెంపూడి యను మూడూళ్ల పేళ్లు చెప్పినంతనే 12వ శతాబ్దినాటి దాయాదుల పోరు, బ్రహ్మనాయుని చాపకూడు, నాయకురాలు నాగమ్మ మంత్రాంగము, బాలచంద్రుని తెగువ కన్నులకు గట్టును. పండితులీ కథను శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమైన ద్విపదమూలమున నెఱుగుదురు. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని పరిష్కరించి ప్రకటించినది మొదలు, అది శ్రీనాథుని రచనయగునా కాదా యను చర్చ సాగుచు వచ్చినది. కాని కథను తరతరములుగా నోట నిలిపినవారు గ్రంథకర్తలు కారు. కార్తికమాసమున కారెంపూడిలో జరుగు వీరారాధనమునందు కథను పాడు వీరవిద్యావంతులు మాలకులమువారు. అమెరికాదేశీయుడైన జీన్ రోఘేర్ అను పండితుడు అలిసెట్టి గాలెయ్య యను వీరవిద్యావంతుని నోట కథను విని, ఆ పాఠమును ఆంగ్లమున ననువదించి 1982లో ప్రకటించెను. గాయకుని పేరును గ్రంథమున నిలిపెను.

ఇందొక విశేషము గమనింపదగినది. ద్విపదకు కర్త యెవరను ప్రశ్నకు పండితులిచ్చిన ప్రాముఖ్యము, పాటకు కర్త యెవరను ప్రశ్నకు లభింపలేదు. పాట ‘జనులది’ యను మాటతో విచారము ముగిసినది. ఇక ద్విపదయందైనను, గాలెయ్య పాఠమునందైనను నాగమ్మ, మాంచాల మొదలగు స్త్రీలు మాటలాడుదురు. ఆ మాటలను వినిపించినవారు పురుషులు. దళితుని స్వరము వినబడియు పేరు లేక యుండగా, దళితస్త్రీ స్వరము వినబడుటయే యరుదైనది. ఆ స్వరము వ్రాతలోనికి వచ్చిన విధమును, దాని వెనుకనున్న సాంఘికస్థితిని, దానిని చదువునపుడు పండితులు పాటింపదగిన న్యాయమును ఈ వ్యాసమున విచారింపబడును.

అమెరికాలోని నిదర్శనములు

ఈ విచారమునకు అమెరికాలోని నల్లజాతి స్త్రీల వాఙ్మయచరిత్ర మిక్కిలి తోడ్పడును. అచ్చటను మొదటి చిక్కు కర్తృత్వమునకు సంబంధించినదే.

ఫిలిస్ వీట్లీ పశ్చిమ ఆఫ్రికాలో పుట్టి, పసితనముననే పట్టువడి, 1761లో బోస్టను నగరమున నమ్ముడుపోయిన బాలిక. యజమాని యింట చదువు నేర్చి, ఆంగ్లచ్ఛందస్సున కవిత్వము చెప్పెను. ఆమె పద్యసంపుటము 1773లో లండనున అచ్చయ్యెను. బానిసపిల్ల యిట్టి కవిత్వము చెప్పజాలదని లోకము శంకింపకుండుటకై, ఈ పద్యములామె వ్రాసినవేయని బోస్టను పెద్దలు 18 మంది చేవ్రాలు చేసిన సాక్ష్యపత్రమును గ్రంథాదియందు చేర్పవలసి వచ్చినది. పెద్దలచేత పీఠిక వ్రాయించుకొను కవులు గలరు; తన పద్యము తనదేయని సాక్షులను తెచ్చుకొనవలసి వచ్చిన కవులరుదు.

హేరియట్ జేకబ్స్ కథ వేఱొక విధమైనది. ఆమె బానిసత్వమున తాను పడిన పాట్లను, యజమాని దుష్టబుద్ధినుండి తన్ను గాపాడుకొనుటకు చేసిన యత్నములను, అమ్మమ్మ యింటి యటుకలో ఇంచుమించు ఏడేండ్లు దాగియుండుటను వివరించి 1861లో నొక గ్రంథము ప్రకటించెను. లోకలజ్జచేత ‘లిండా బ్రెంట్’ అను మాఱుపేరు పెట్టుకొనెను. గ్రంథమునకు సంపాదకురాలు లిడియా మరియా చైల్డ్ అను తెల్లజాతి రచయిత్రి. తరువాతి చరిత్రకారులు పలువురు ఇది చైల్డ్ కల్పించిన నవలయని తలచి జేకబ్స్‌ను మఱచిరి. జీన్ ఫేగన్ యెలిన్ అను విదుషి జాబులను, ఇతర పత్రములను శోధించి, గ్రంథము జేకబ్స్ రచనయనియు, అందలి విషయములు యథార్థములనియు నిరూపించి 1987లో ప్రామాణికప్రతిని వెలువరించెను. వ్రాసిన స్త్రీకి తన గ్రంథము నూటయిరువది యేండ్లు గడచినపిదప తిరిగి దక్కినది.

మూడవ నిదర్శనము జోరా నీల్ హర్‌స్టన్. మానవశాస్త్రమునందు శిక్షణ పొంది, తన జాతివారి కథలను, సామెతలను, పాటలను సేకరించి 1935లో గ్రంథముగా వెలువరించెను. 1937లో గొప్ప నవల వ్రాసెను. అయినను 1960లో పేదరికమున మరణించినపుడు ఆమె సమాధిపై పేరు చెక్కిన రాయియైన లేదు. 1973లో ఆలిస్ వాకర్ అను రచయిత్రి ఫ్లోరిడాకు బోయి, కలుపు మొలచిన శ్మశానమున ఆ చోటును వెదకి, రాయి నిలిపించెను. అటుపిమ్మట హర్‌స్టన్ గ్రంథములు మరల అచ్చయి విద్యాలయములకు చేరినవి.

వీట్లీయెడ శంక, జేకబ్స్‌యెడ పరులకు ధారపోయుట, హర్‌స్టన్‌యెడ మఱపు – కర్తృత్వలోపములీ మూడు తెఱగులు. వీనిని సరిదిద్దినది పరిశోధనము: జాబులు చదువుట, పాఠములు సరిపోల్చుట, ఊళ్లు తిరుగుట. ఇవి తెలుగు పరిశోధకులకు క్రొత్త పనులు కావు. తాళపత్రములయెడ చూపిన శ్రద్ధనే ఇచ్చటను చూపవలసియున్నది.

‘నల్ల’ యను మాట

భిన్నఖండములందలి ఈ రెండు వాఙ్మయములను జోడించుట పండితుల ఊహ మాత్రము కాదు. మహాత్మా జ్యోతిరావు ఫులే 1873లో ప్రకటించిన ‘గులాంగిరీ’ గ్రంథమును, బానిసత్వమును తొలగించినందులకు అమెరికా ప్రజలకు అంకితము చేసెను. పూనాలో ఫులే దంపతుల పాఠశాలలో చదివిన ముక్తా యను మాంగుకులపు బాలిక, పదునాలుగేండ్ల ప్రాయమున, మాంగు మహారుల దుఃఖమును గూర్చి వ్రాసిన వ్యాసము 1855లో ‘జ్ఞానోదయ’ పత్రికలో వెలువడినది. భారతదేశమున దళితస్త్రీల రచనలలో మిక్కిలి తొలినాటి వానిలో అదియొకటి. 1972లో బొంబాయిలో దళితయువకులు స్థాపించిన ‘దళిత పాంథర్స్’ సంఘము పేరు అమెరికాలోని ‘బ్లాక్ పాంథర్స్’ పేరునుండి గ్రహింపబడినదే. అలెక్స్ హేలీ వ్రాసిన బానిసవంశగాథ సహవాసిగారి యనువాదమున ‘ఏడు తరాలు’ అను పేర తెలుగిండ్లకు చేరినది.

తెలుగున ‘నల్ల’ యను విశేషణమునకొక చరిత్ర గలదు. స్వాతంత్ర్యోద్యమదినములలో గరిమెళ్ల సత్యనారాయణగారు తెల్లదొరతనము వలదని పాడగా, దళితకవి కుసుమ ధర్మన్నగారు నల్లదొరతనము వలదని పాడిరి. అచ్చట ‘నల్ల’ యనగా స్వదేశీయులైన అగ్రకులపు ప్రభువులు. తరువాతి కాలమున దళితస్త్రీలు ఆ మాటను తమ పక్షమునకు త్రిప్పుకొనిరి. 2003లో గోగు శ్యామలగారి సంపాదకత్వమున వెలువడిన దళితస్త్రీల సాహిత్యసంకలనము పేరు ‘నల్లపొద్దు’. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామలగార్లు కూర్చిన కథాసంకలనము పేరు ‘నల్లరేగటి సాల్లు’. ఒకటి ప్రొద్దును, ఒకటి నేలను నలుపుతో చెప్పినది. నలుపు దూషణము కాక గుర్తింపైనది.

సామ్యమును మితిమీఱి చెప్పరాదు. అమెరికాలో దాస్యము శాసనసమ్మతమైన యాస్తిహక్కు. మనిషిని సంతలో అమ్మిరి. దక్షిణరాష్ట్రములు పెక్కింట బానిసకు చదువు నేర్పుట నేరము. 1865లో ఆ శాసనము రద్దయ్యెను. ఇచ్చట అస్పృశ్యతకు అంతటి లిఖితశాసనమక్కఱలేకపోయినది. బావి, గుడి, బడి, వీధి, పేరు – ఇన్నింటను ఆచారమే శాసనము. రాజ్యాంగము 17వ అధికరణముచే దానిని నిషేధించినది. నల్లజాతివానిని మేనిరంగు పట్టియిచ్చును. దళితుని అడ్రసు, ఇంటిపేరు, తిండి, మాట పట్టియిచ్చును. కావుననే తెలుగు దళితరచనలలో ‘మీరేవాళ్లు?’ అను ప్రశ్నకును, పట్టణమున అద్దెయింటికై కులమును దాచుటకును అంత ప్రాధాన్యము గలిగినది. రెండుచోట్లను సమానమైనది స్త్రీ స్థితి: ఆమె శ్రమయు, ఆమె శరీరమును యజమాని సొత్తుగా భావింపబడుట.

వినుకొండలో నొక యిల్లు

2022లో నరసరావుపేట కేంద్రముగా నేర్పడిన పల్నాడు జిల్లాలోనిదే వినుకొండ. గుఱ్ఱము జాషువకవి 1895లో నచ్చట జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగకులజ, ఇరువురును క్రైస్తవమతస్థులు. పల్నాటిలో మిషనుల పని అంతకు ముందే మొదలైనది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ బోధకుడు హయ్యర్ 1849లో గురజాలకు వచ్చి పనిచేసెను. నరసరావుపేట, వినుకొండ ప్రాంతములలో బాప్టిస్టు మిషనువారు పిదప పాఠశాలలు నెలకొల్పిరి. మాలమాదిగ పల్లెలలోని పిల్లలకు, అందును ఆడపిల్లలకు, అక్షరము మొదట చేరిన త్రోవలలో నిది ముఖ్యమైనది. అక్షరము వచ్చినంతమాత్రమున అంటు పోలేదు. కులాంతరదంపతుల బిడ్డయైన జాషువ ఇరువైపులవారి తిరస్కారమును చవిచూచెను. ఉపాధ్యాయుడై, తెలుగు పండితుడై, మేఘసందేశపు త్రోవనే త్రొక్కి 1941లో ‘గబ్బిలము’ వ్రాసెను. గుడిలోనికి పోగూడని అరుంధతీసుతుడు, గుడిలో స్వేచ్ఛగా వ్రేలాడు గబ్బిలముచేత కాశీనాథునకు తన మొఱ పంపుట అందలి వస్తువు.

ఈ కావ్యము నేడు తెలుగువారి సొత్తు. అయితే అందు మొఱపెట్టువాడు పురుషుడు. జాషువ స్త్రీలపై గౌరవముతో, కరుణతో వ్రాసెను. తన జీవితమును ‘నా కథ’గా పద్యములలో చెప్పుకొనెను. లింగమ్మ మాత్రము కొడుకు మూలమున తెలిసినదే గాని, తానై చెప్పుకొన్నది కాదు. ఈ భేదమును చూపుట జాషువను తగ్గించుట కాదు. చెప్పబడుటకును చెప్పుటకును గల యంతరమును గుర్తించుట.

ఆ యింట చెప్పు వంతు మూడవతరమునకు వచ్చినది. జాషువ కుమార్తె హేమలత 1932లో వినుకొండలో జన్మించెను. నాస్తికోద్యమనాయకుడు గోరాగారి కుమారుడైన లవణముగారిని వివాహమాడి, హేమలతా లవణముగా ప్రసిద్ధినందెను. భర్తతోగూడ స్టువర్టుపురమున, నేరస్థజాతులన్న ముద్రపడిన కుటుంబముల నడుమ సంస్కరణకార్యము నడపి, ఆ యనుభవమును ‘నేరస్తుల సంస్కరణ’ యను గ్రంథమున వివరించెను. నిజామాబాదు ప్రాంతమున దళితబాలికలను దేవతకు ముడిపెట్టి ఊరికి వదలు జోగినీ దురాచారమునకు విరుద్ధముగా పనిచేసెను. తండ్రిని గూర్చియు వ్రాసెను. 2008లో పరమపదించెను. సంఘసేవకురాలుగా ఆమెకు కీర్తి దక్కినది. కాని సభలలోను, వ్యాసములలోను ఆమెను పరిచయము చేయునపుడు మొదట వచ్చునవి ‘జాషువ కుమార్తె’, ‘గోరా కోడలు’ అను మాటలు. ‘రచయిత్రి’ యను మాట చివరకు వచ్చును, ఒక్కొక్కచో రాదు. ముగ్గురు గొప్ప పురుషుల నడుమ నిలిచిన స్త్రీకి కర్తృత్వమెట్లు పలుచబడునో తెలిసికొనుటకు బోస్టను వఱకు పోనక్కఱలేదు, వినుకొండ చాలును.

నల్లపొద్దు

తెలుగున దళితసాహిత్యము ఉద్యమముగా రూపొందుటకు రెండు దుర్ఘటనలు ప్రధానకారణములు. 1985 జూలైలో కారంచేడులో ఆఱుగురు మాదిగలు, 1991 ఆగస్టులో చుండూరులో ఎనమండుగురు దళితులు చంపబడిరి. కారంచేడు కలహమునకు మొదలు మంచినీటి చెఱువు. నీరు ముఱికి చేయవలదని యడ్డుచెప్పిన దళితులలో బిందె యెత్తి యెదిరించిన స్త్రీ యుండెను. ఆ బిందె పిదప పాటలలోను, కవితలలోను చిహ్నమైనది. నీళ్లు మోయు పని స్త్రీది గావున, నీటి తగవునకు మొదటి సాక్షియు, మొదటి బాధితురాలును స్త్రీయే. ఎం. ఎం. వినోదినిగారి ‘దాహం’ నాటకము పేరే ఈ విషయమును జెప్పును.

1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ స్త్రీవాదకవిత్వమునకు, 1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ దళితకవిత్వమునకు ప్రసిద్ధసంకలనములైనవి. ఈ రెండుద్యమముల నడుమ దళితస్త్రీ యెచ్చట నిలువవలెను? స్త్రీవాదము ఇంటిలోని వంటగదిని ప్రశ్నించినది; దళితస్త్రీకి తన వంటగదికంటె పరుల పొలము, పరుల పాకీదొడ్డి ముందు వచ్చును. దళితవాదము ఊరిని ప్రశ్నించినది. వాడలోని మగవాని చేతిదెబ్బను గూర్చి తఱచుగా మౌనము వహించినది. ఈ విమర్శను దళితరచయిత్రులు స్వయముగా చేసిరి. అమెరికాలోను ఇదే చిక్కు. 1982లో గ్లోరియా హల్, పెట్రీషియా బెల్ స్కాట్, బార్బరా స్మిత్ కూర్చిన సంకలనమునకు పెట్టిన పేరులో – స్త్రీలనగా తెల్లవారేయని, నల్లవారనగా మగవారేయని లోకము తలచుచున్నదనియు, అయినను తమలో కొందఱు ధైర్యశాలురనియు – ఎత్తిపొడుపు గలదు. 1989లో కింబర్లీ క్రెన్‌షా యను న్యాయశాస్త్రవేత్త, రెండు వీథులు గలియు కూడలిలో నిలుచున్న మనిషికి ఇరుదిక్కులనుండియు దెబ్బ తగులునను నుపమానముతో దీనిని శాస్త్రీకరించెను.

‘నల్లపొద్దు’ సంకలనము ఈ కూడలినుండి వెలువడినది. 1921 మొదలు 2002 వఱకు గల దళితస్త్రీల రచనలను వెదకి యొకచోట జేర్చుట దాని ప్రయోజనము. దళితస్త్రీల రచన నిన్నమొన్నటిదను నమ్మకమును ఆ సంవత్సరములే ఖండించుచున్నవి. యెలిన్ పత్రములలోను, వాకర్ శ్మశానములోను చేసిన పనినే శ్యామలగారు పాతపత్రికలలోను, మనుష్యుల జ్ఞాపకములలోను చేసిరి. 2011లో టి. ఎన్. సదాలక్ష్మిగారి జీవితకథను ‘నేనే బలాన్ని’ అను పేర వెలువరించి, ఆంధ్రప్రదేశమున మంత్రిణిగా, శాసనసభ ఉపసభాపతిగా పనిచేసిన దళితస్త్రీ చరిత్రను పోనీయక నిలిపిరి.

రచనలు వేఱువేఱు దారులను నడచినవి. జాజుల గౌరిగారి ‘మన్నుబువ్వ’ కథలు ఆకలిని బాల్యమునుండి చూపినవి. గుంటూరు సీమకు చెందిన చల్లపల్లి స్వరూపరాణిగారి ‘మంకెనపూవు’ కవితలు విద్యావంతురాలైన దళితస్త్రీ సంఘమున ఎదుర్కొను అవమానమును నిగ్రహముతో చెప్పినవి. జూపాక సుభద్రగారి ‘అయ్యయ్యో దమ్మక్క’ కవితలు, ‘రాయక్క మాన్యం’ కథలు మాదిగవాడ మాటను, పనిని కేంద్రమున నిలిపినవి. దళితులందఱును ఒక్కటి కారను మాటయు ఈ రచనలందే వినబడినది: ‘నల్లరేగటి సాల్లు’ మాదిగ, మాదిగ ఉపకులముల స్త్రీల కథలకే ప్రత్యేకింపబడినది. ఐక్యమునకిది భంగమని కొందఱు తలపవచ్చును. అయితే ‘స్త్రీలు’ అను మాటలో తాము మఱుగుపడితిమని చెప్పినవారే ‘దళితస్త్రీలు’ అను మాటలోను మఱుగుపడినవారిని గుర్తించుట న్యాయముగానే యున్నది.

భాష

పండితులకు మిక్కిలి యడ్డుతగులునది భాష. వ్యాకరణదృష్టితో జూచినచో ‘సాల్లు’ తప్పు, ‘సాళ్లు’ ఒప్పు. కాని నాగటిచాలు దున్నిన నల్లరేగడిలో నడుము వంచినవారు పలుకునది ‘సాల్లు’. ఆ మాటను దిద్దినచో కథ పేరు నిలుచును. కథ చెప్పిన స్త్రీ తొలగిపోవును. హర్‌స్టన్ నవలలోని పల్లెమాటను రిచర్డ్ రైట్ అను ప్రసిద్ధ నల్లజాతి రచయిత 1937లోనే యాక్షేపించెను. తెల్లవారు నవ్వుకొనుటకు పనికివచ్చునని భయపడెను. కాలము వేఱుతీర్పు చెప్పినది. ఆలిస్ వాకర్ 1982లో, చదువురాని పల్లెపడుచు తన మాటలలోనే వ్రాసిన లేఖలుగా నొక నవల రచించి, మఱుసటి యేట పులిట్జరు బహుమానమందెను. టోనీ మారిసన్ 1993లో నోబెలు బహుమానమందిన మొదటి నల్లజాతి స్త్రీ.

శ్యామలగారి కథాసంపుటమునకు ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ అను సామెతయే పేరు. ఏకు అనగా వడుకుటకు సిద్ధముగా జుట్టిన దూది. పత్తి పండు పల్నాటివారికి ఈ మాట సొంతము. ఏనుగు ఘనమైనది, ఏకులబుట్ట తేలికయైనది. అయినను గుడ్డ నిచ్చునది బుట్టయే. అలంకారశాస్త్రమున దీనిని వ్యతిరేకమని చెప్పవచ్చును. లాక్షణికులకు దొరకు విశేషములు ఇట్టివి ఈ రచనలందు పెక్కులు గలవు. ఇవి కేవలము సాంఘికదస్తావేజులని చదువుట, కావ్యములు కావనుటకు మఱొక మర్యాదపూర్వకమైన రీతి. బాధను మెచ్చి పనితనమును విడుచుటయు వీట్లీనాటి శంకకు చుట్టమే.

విద్యాలయముల కర్తవ్యము

ఆతుకూరి మొల్ల తన రామాయణమున తండ్రి కేసనను, తన్నును పేర్కొనినందువలన నేటికిని కవయిత్రిగా నిలిచినది. పేరు చెప్పుకొను నవకాశము లేనివారి పాట పాటగానే మిగిలినది. జానపదగేయసంకలనములు పెక్కింట పాట ‘నాట్లపాట’, ‘కోతలపాట’ యని వర్గీకరింపబడినది గాని, పాడిన స్త్రీ పేరు కానరాదు. సేకరించినవాని పేరు ముఖపత్రమున నుండును.

ఈ లోపమును దిద్దుటకు గొప్ప సంస్థలు మాత్రమే యక్కఱలేదు. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో మిరపకోతకు, పత్తితీతకు పోవు తల్లుల బిడ్డలు పాఠశాలలలో చదువుచున్నారు. తల్లి పాడు పాటను, అమ్మమ్మ చెప్పు సామెతను బిడ్డచేత నున్నదున్నట్లు వ్రాయించి, పాడినవారి పేరు, ఊరు, పని, సంవత్సరము, ఆమె యనుమతితో దానిక్రింద జేర్చుట తెలుగు పండితుడు చేయగల పని. ‘గబ్బిలము’ పాఠము చెప్పునపుడు, ఆ మొఱనే యొక స్త్రీ పెట్టినచో నెట్లుండునని యడిగి, స్వరూపరాణిగారి కవితయో గౌరిగారి కథయో చదివి వినిపించుట మఱొక పని.

చాపకూడు గొప్పదనము అందఱు నొక్క చాపపై గూర్చుండుటలో నున్నదని పల్నాటివారు చెప్పుకొందురు. సాహిత్యమునందు ఆ పంక్తి నేటికిని పూర్తి కాలేదు. వడ్డించుచు వచ్చిన స్త్రీకి చాపపై చోటు జూపి, ఆమె పేరుతో ఆమెను పిలుచునంతవఱకు అది పూర్తికాదు.